గుడ్ల అట్ట ఆత్మకథ

తన కథ తానే చెప్పుకోమంటే గుడ్ల అట్ట పుట్టుక దగ్గర మొదలుపెట్టదు. పాత కాగితాల గుజ్జును అచ్చులో పోసి ఆరబెడితే పుట్టింది, అందులో చెప్పుకోడానికేముంది? నేరుగా లెక్కల్లోకి దిగుతుంది. తనకు ముప్పై గుంటలు. అనపర్తి కోళ్లఫారంలో నిండుతుంది, అంగన్‌వాడీ గడపలో ఖాళీ అవుతుంది.

ఆ గడపలో గుడ్లు లెక్కపెడతారు, తూచరు. దాని బాధంతా అదే.

అగ్‌మార్క్ ప్రకారం మీడియం గుడ్డు 45 నుంచి 52 గ్రాములు. 38 నుంచి 44 ఉంటే చిన్నది. మీడియం గుడ్లయితే అట్ట తక్కువలో తక్కువ 1,350 గ్రాములు మోయాలి. 40 గ్రాములవి పేర్చితే మోసేది 1,200. రిజిస్టర్లో ముప్పై అనే పడుతుంది, పిల్లల వాటాలో మాత్రం మూడు గుడ్లకు పైగా గల్లంతు. దీన్ని పట్టుకోడానికి కిరాణా కొట్టు కాంటా చాలు!

తప్పంతా సరఫరాదారుదే అనడానికి మాత్రం అట్టకు మనసొప్పదు. 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (నెక్) రోజూ గుడ్డు ధర ప్రకటిస్తుంది. శ్రావణ, కార్తీకాల్లో గిరాకీ తగ్గి ధర దిగడం, చలికాలంలో ఎగబాకడం ఫారాలవాళ్లకు మామూలే. సరఫరా టెండరులో అందరికంటే తక్కువ కోట్ చేసి, ఏడాదంతా ఒకే రేటుకు ఒప్పుకున్నవాడు చలికాలంలో ఏం చేస్తాడు? గుడ్డు సైజు తగ్గిస్తాడు, లేదంటే బండి ఆలస్యం చేస్తాడు. గుడ్డు రేటును నెక్ ధరకు ముడిపెట్టి, రవాణా ఖర్చుకే టెండరు పిలవమంటుంది అట్ట.

తెలంగాణ బడుల్లో ఇంకో తంటా. మధ్యాహ్న భోజనం వంట చేసే మహిళలే గుడ్లు కొని తర్వాత బిల్లు పెట్టుకుంటారు. కొట్టు ధర సర్కారు రేటును దాటిందా, ఆ తేడా వాళ్ల కొంగుముడిలోంచే.

2004 అక్టోబరు 7న సుప్రీంకోర్టు అంగన్‌వాడీ పోషకాహార సరఫరాకు కాంట్రాక్టర్లను వాడొద్దంది. వీలైనంతవరకు గ్రామ సంఘాలు, స్వయం సహాయక బృందాలు, మహిళా మండళ్ల ద్వారా ఖర్చు పెట్టమంది. టెండరులో భారీ టర్నోవరు షరతు పెడితే సంఘం మహిళలు దరఖాస్తు దాకా కూడా రాలేరు. జిల్లాకొకటి కాక మండలానికొకటి పిలిస్తే చిన్న ఫారం రైతూ వస్తాడు.

నిల్వ గుడ్లు తిరిగి రాకుండా ఆంధ్రప్రదేశ్‌లో గుడ్లపై రంగు ముద్రలు వేయించారు. మంచి పనే. ముద్ర గుడ్డు వయసు చెబుతుంది, బరువు చెప్పదు. అందుకే ఒప్పంద పత్రంలో ‘అట్టకు కనీసం 1,350 గ్రాములు’ అని ఒక్క ముక్క చేర్చమంటుంది అట్ట. తన సొంత బరువు తీసేశాకే సుమా!