వెలిసిపోయిన ‘వద్దు’

వెబ్‌సైటు అక్షరాలకంటే ముందు రంగుతో, పరిమాణంతో, ఖాళీ స్థలంతో మాట్లాడుతుందనీ, చదవడం మొదలుపెట్టేలోగానే ఏది నొక్కాలో వాడుకరి వేలికి చెప్పేస్తుందనీ వెబ్ రూపకల్పన విద్య తెలిసినవారందరూ ఒప్పుకుంటారు. వస్తువును ఎక్కడ, ఎలా వాడాలో సైగ చేసే ఇలాంటి గుర్తును అమెరికన్ పండితుడు డొనాల్డ్ నార్మన్ ‘సిగ్నిఫయర్’ అన్నాడు. 1993 నాటి మొజాయిక్ బ్రౌజరు లింకును నీలంరంగులో, కింద గీతతో చూపింది. నీలానికీ నొక్కడానికీ ప్రకృతిసిద్ధమైన బంధుత్వమేదీ లేకపోయినా, ఈనాటికీ నీలిగీత కనబడితే వేలు దానంతటదే లేస్తుంది. ఫ్లాపీని కంట చూడని తరం కూడా ఫైలు భద్రపరచడానికి ఫ్లాపీ బొమ్మనే నొక్కుతుంది.

వీటన్నిటిలో గొప్ప క్రమశిక్షణ నేర్పినది బూడిదరంగు. దరఖాస్తులో ఎర్రచుక్క ఉన్న గడులన్నీ నిండేవరకు ‘సమర్పించు’ బటన్ వెలిసిపోయి ఉంటుంది, ఎంత బతిమాలినా పలకదు, మరిచిపోయిన పిన్‌కోడు చేర్చిన మరుక్షణమే రంగు పుంజుకుంటుంది. వెలిసినది పనిచేయదన్న పాఠం జనానికి ఇలా కంఠతా వచ్చాక, వ్యాపారస్థులు ఆ పాఠాన్నే పెట్టుబడిగా పెట్టారు. ‘సరే’ ఆకుపచ్చగా, అరచేయంత వెడల్పున వెలుగుతుంటే, ‘వద్దు’ మాత్రం పెళ్లింట పిలవని చుట్టంలా ఓ మూల బూడిదరంగులో ఒదిగి ఉంటుంది. అది నిక్షేపంగా పనిచేసే బటనే అయినా చచ్చినట్టు నటించడం దాని ఉద్యోగం.

వాడుకరి ఇష్టానికి విరుద్ధమైన పని అతనిచేతనే చేయించే ఇటువంటి రూపకల్పనకు బ్రిటిష్ డిజైనరు హ్యారీ బ్రిగ్నల్ 2010లో ‘డార్క్ ప్యాటర్న్’ అని పేరుపెట్టాడు. భారతదేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న జారీచేసిన మార్గదర్శకాలు ఇటువంటివి 13 రకాలని తేల్చి, వాటిని నిషేధించాయి. అడగని వస్తువును బిల్లులో దూర్చడం ఒక రకం. విమాన టిక్కెట్టుతోపాటు బీమా తీసుకోనివారిచేత ‘నాకు రక్షణ అక్కర్లేదు’ అన్న ధోరణిలో వాంగ్మూలం ఇప్పించి సిగ్గుపడేలా చేయడం మరొకటి. ప్రకటనను మూసేయవలసిన ‘ఎక్స్’ గుర్తు ఇంకో ప్రకటనను తెరవడం కూడా ఆ పట్టికలో ఉంది. లేతరంగు ‘వద్దు’కైతే అందులో ప్రత్యేక ప్రస్తావనే దక్కింది, ఇన్నాళ్లూ ఎవరి కంటా పడకుండా బతికిన బటన్‌కు ఇది చిన్న గౌరవం కాదు.

ఫిర్యాదు చేయదలచినవారికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ సంఖ్య 1915. ఫోనులో అంకెలన్నీ ఇంకా ఒకే రంగులో, ఒకే పరిమాణంలో ఉన్నాయి.