చుక్క కారితే కొంప మునిగిందా?

మా రోజుల్లో బుల్లెట్ ఆగిన చోట నేల మీద ఒక నల్లటి చుక్క పడేది. ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. ఇప్పుడు ఆ చుక్క నేరమైపోయింది. అపార్టుమెంటు సెల్లారులో టైల్సు పరుస్తారు, అసోసియేషన్ సెక్రటరీ గారు వాట్సాప్‌లో ఫోటో పెడతారు, ఆదివారం పొద్దున్నే కుర్రాడు బండి తోసుకొచ్చి నా షెడ్డు ముందు నిలబడతాడు. "అంకుల్, ఆయిల్ లీకు. మొత్తం సీల్ చేసెయ్యండి." అప్పటికే ఎవరో చేసేసి ఉంటారు. టైమింగ్ కవరు చుట్టూ, ట్యాపెట్ డోరు చుట్టూ ఎర్ర సిలికాన్ పేస్టు వేలెడు మందాన.

పేస్టు మీద నాకేం పగ లేదు. మేమూ ప్యాకింగులకి షెల్లాక్ రాసినవాళ్ళమే. కానీ రాసే ముందు ఎందుకు కారుతోందని అడిగేవాళ్ళం. ప్యాకింగ్ దగ్గర కారింది కాబట్టి తప్పు ప్యాకింగ్‌దే అని ఇప్పటివాళ్ళ లెక్క. లోపలి గాలికి దారి లేక, దొరికిన సందులోంచి నూనెను నెట్టుకుంటూ వస్తోందని చెబితే వింతగా చూస్తారు.

లెక్క చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. పాత 350 బుల్లెట్ బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. ఘనపరిమాణం 346 సీసీ. అందరూ ఆ 346ని పిస్టన్ పైన చూస్తారు, కింద కూడా అంతే ఉందని ఎవరికీ గుర్తు రాదు. పిస్టన్ దిగినప్పుడల్లా క్రాంకు గదిలో గాలిని ఆ మేరకు నొక్కుతుంది, ఎక్కినప్పుడల్లా ఆ మేరకు లాగుతుంది. కొలిమి దగ్గర తిత్తి చేసే పనే. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజన్లో ఇది సెకనుకి 50 సార్లు. అంటే ఒక్క సెకనులో 17 లీటర్ల పైచిలుకు గాలి అటూ ఇటూ కదులుతోంది. దానికి తోడు పైన మండిన పొగ కొంత రింగుల సందుల్లోంచి కిందికి జారుతుంది. కొత్త రింగులకే కొంత జారుడు ఉంటుంది, అరిగిన బోరు సంగతి చెప్పక్కర్లేదు. ఇదంతా బయటికి పోవడానికి పెట్టిన దారే బ్రీదరు.

పాత బండికి ఆ దారి ఎడమ వైపు క్రాంక్‌కేసుకి బిగించిన చిన్న వంపు గొట్టం. దాని చివర ఒక రబ్బరు మూతి, రెండు పెదాలూ అతుక్కుని ఉంటాయి. లోపల ఒత్తిడి పెరిగితే పెదాలు విచ్చుకుని గాలిని వదులుతాయి, పిస్టన్ ఎక్కేటప్పుడు మూసుకుంటాయి. వెళ్ళడమే గానీ రావడం లేదు కాబట్టి లోపలి ఒత్తిడి బయటికన్నా కాస్త తక్కువగానే ఉంటుంది. అలా ఉన్నన్నాళ్ళూ నూనె లోపలే పడి ఉంటుంది, ప్యాకింగ్ కాయితం ముసలిదైనా సరే. గాలితో వచ్చిన నూనె తుంపర వెనక చైను మీద పడేది. చైనుకి స్ప్రే కొట్టడానికి స్టాండు, బ్రష్షు, చేతి తొడుగులు కొనుక్కునే ఈ కాలం వాళ్ళకి అది మురికి. మాకు అది ఊరికే జరిగిపోయే పని.

లీకు బండి వస్తే మా మేస్త్రీ పానా ముట్టుకోనిచ్చేవాడు కాదు. స్టార్టు చేయించి, బ్రీదరు చివర వేలు పెట్టమనేవాడు. గాలి తగిలి ఆగి, తగిలి ఆగి వస్తుంటే బాగున్నట్టు. వేలిని లోపలికి పీలుస్తుంటే రబ్బరు వేడికి గట్టిపడి నోరు తెరిచి ఉండిపోయినట్టు. ఆగకుండా వెచ్చటి పొగ బుస్సుమంటుంటే రింగులు చూడాలి. అసలేమీ రాకపోతే గొట్టం మడ్డి పట్టి మూసుకుపోయింది, కిరోసిన్‌లో కడగాలి. పక్క వీధికి పాల ప్యాకెట్టు కోసం వెళ్ళొచ్చే బండికి వానాకాలంలో ఈ మడ్డి ఎక్కువ. ఇంజను సరిగా వేడెక్కదు, లోపలి చెమ్మ ఆవిరైపోదు, నూనెలో కలిసి మజ్జిగ రంగు ముద్దవుతుంది. ఖర్చు లేని పరీక్ష, కాకపోతే వేలు నల్లబడుతుంది. ఇప్పుడు వేలు నల్లబడటం ఇష్టం లేక ఇంజను మొత్తం విప్పించుకుంటున్నారు.

అంతకన్నా ఘనులు ఉన్నారు. ఒకాయన, మంచి ఉద్యోగం, బాగా చదువుకున్నవాడు, సెల్లారులో చుక్క పడకూడదని బ్రీదరు గొట్టానికి బోల్టు దిగ్గొట్టి క్లిప్పు బిగించాడు. వీడియోలో చూశాడట. వారం తిరక్కుండా ఎడమ వైపు క్రాంకు ఆయిల్ సీలు తన్నుకుని బయటికొచ్చింది, ఇంజన్ నూనె ప్రైమరీ చైను కవర్లోకి చేరింది, క్లచ్చు జారడం మొదలుపెట్టింది. నా దగ్గరికి ఆయన తెచ్చిన ఫిర్యాదు క్లచ్చు గురించి. బోల్టు సంగతి నేను వంగి చూసుకుంటే తప్ప తెలియలేదు. "మరి చుక్క పడటం లేదు కదా అంకుల్" అన్నాడు.

బండిని నిలిపేసే జబ్బు ఇంకొకటి. ఈ ఇంజనుకి నూనె రెండుంబావు లీటర్లు. అది క్రాంకు గది వెనకే, అదే పోతలో కట్టిన తొట్టిలో ఉంటుంది. అక్కణ్ణుంచి ఒక పంపు ఇంజనుకి తోడుతుంది, ఇంకో పంపు కింద చేరిన నూనెను తిరిగి తొట్టికి ఎత్తుతుంది. మా రోజుల్లో బండి రోజూ తిరిగేది. పొలం, సంత, పెళ్ళి, ఆసుపత్రి అన్నీ దాని మీదే. ఇప్పుడది కవరు కప్పుకుని పడుకుని, నెలకోసారి ఫోటో దిగడానికి లేస్తోంది. అలా వారాల తరబడి నిలబడితే తొట్టిలోని నూనె అరిగిన పంపు సందుల్లోంచి మెల్లగా క్రాంకు గదిలోకి దిగిపోతుంది. యజమాని కడ్డీ తీసి చూస్తాడు, నూనె లేదు! కంగారుగా అర లీటరు పోస్తాడు. కిక్కు కొడతాడు. కింద మునిగి ఉన్న ఫ్లైవీళ్ళు ఆ నూనెను చిలుకుతాయి, సైలెన్సరు నీలం పొగ వదులుతుంది, బ్రీదరు గుక్కలు గుక్కలుగా కక్కుతుంది. ఇంతలో రెండో పంపు కిందిదంతా తొట్టిలోకి ఎత్తుతుంది. అక్కడ కొత్తగా పోసిన అర లీటరు చోటు ఆక్రమించుకుని కూర్చుంది. పొర్లిందంతా మళ్ళీ బ్రీదరు దారే పడుతుంది. "రింగులు పోయాయి, బోరు చేయించాలన్నారు అంకుల్" అంటూ వస్తారు. ఎవరయ్యా అన్నది? ఐదు నిమిషాలు నడిపి, ఆపి, అప్పుడు కడ్డీ చూస్తే తెలిసేదానికి బోరెందుకు, పిస్టనెందుకు? చాన్నాళ్ళు నిలిపిన బండైతే కింది డ్రైన్ నట్టు విప్పి, క్రాంకులో చేరింది శుభ్రమైన గిన్నెలో పట్టి, తిరిగి తొట్టిలో పొయ్యండి. అప్పుడు కొట్టండి కిక్కు.

ఆయిల్ ప్రెషర్ గురించి ఇప్పుడు అందరూ మాట్లాడుతున్నారు, ఆ నూనె ఎక్కడికి పోవాలో మాత్రం తెలీదు. ఈ బండి క్రాంకు నిలబడేది బాలు, రోలరు బేరింగుల మీద. వాటికి తడి అందితే చాలు. పాత 350లో కనెక్టింగ్ రాడ్డు క్రాంకుని పట్టుకునే చోటు, బిగ్ ఎండ్, అలా కాదు. అక్కడ తెల్లలోహం పూసిన బుష్ తేలుతూ తిరుగుతుంది, నూనె పొర తెగిందా, పోయినట్టే. పంపు నుంచి వచ్చిన నూనె ఫిల్టరు దాటి, టైమింగ్ కవర్లోంచి క్రాంకు కొసలోకి దూరాలి. తిరిగే క్రాంకుకీ తిరగని కవరుకీ మధ్య సందును కాపలా కాసేది ఒక చిన్న కార్కు ముక్క. దాన్ని మర్చిపోతే, లేదా నలిగిన పాతదే మళ్ళీ పెడితే, నూనె అక్కడే పక్కకి తప్పుకుంటుంది. మా మేస్త్రీ కవరు తీసిన ప్రతిసారీ కొత్త కార్కు వేయించి, ఫిల్టరు గది నిండా నూనె పోయించి, ప్లగ్గు విప్పి ఊరికే కిక్కులు కొట్టించేవాడు. కాలు పట్టేసేది. ఇప్పుడు రాకర్ల పైపు నట్టు వదులు చేసి, చెమ్మ కనపడగానే "ప్రెషర్ బ్రహ్మాండం" అని చేతులు దులుపుకుంటున్నారు. రాకర్లకి నూనె చేరిందంటే రాకర్లకి చేరిందని అర్థం, అంతే.

మా రోజుల్లో అంతా బంగారమనను. డ్రమ్ముల్లో అమ్మే లూజు ఆయిల్ పోసేవాళ్ళం, అందులో వడపోసిన పాత నూనె ఎంతో దేవుడికెరుక. 1955లో మద్రాసులో మొదలైన ఆ బండి పోత ఇనుము ఇంజను 2010 ప్రాంతంలో ఆగిపోయింది. ఆ వెంటనే వచ్చిన ఇంజన్లలో గేరుబాక్సు ఇంజనుతో కలిసే ఉంది, ట్యాపెట్లు వాటంతటవే సర్దుకుంటాయి, లోపలి పొగ ఎయిర్ ఫిల్టరు వైపు పోయి మళ్ళీ ఇంజన్లోనే మండుతుంది. గాలికి మంచిదే. నేల మీద చుక్క లేదు, ఒప్పుకుంటాను. వాటి మీద నాకు పని కూడా లేదు.

మొన్నొక కుర్రాడు పాత బండికి ఆన్‌లైన్‌లో కొన్న ఆయిల్ ప్రెషర్ గేజీ పట్టుకొచ్చాడు. గేజీ ఉన్న బండ్లు లేకపోలేదు. 1937లో ఎడ్వర్డ్ టర్నర్ తెచ్చిన ట్రయంఫ్ స్పీడ్ ట్విన్‌కి ట్యాంకు మీదే ఉండేది, ఆ ఇంజన్లో దానికి పనీ ఉంది. మన బుల్లెట్‌కి కంపెనీ ఆంపియర్ మీటరు పెట్టింది గానీ ఇది పెట్టలేదు. బిగించమంటే బిగిస్తాను బాబూ, నీ డబ్బు నీ ఇష్టం. పొద్దున్నే చిక్కటి నూనెకి ముల్లు చక్కగా లేస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం బెంజి సర్కిల్ దగ్గర బండి ఐడిల్ మీద ఉన్నప్పుడు సున్నా పక్కకి వచ్చి పడుకుంటుంది. నూనె పలచబడింది, పంపు నెమ్మదించింది, అంతకు మించి ఏమీ కాలేదు. అక్కణ్ణుంచి నాకు ఫోన్ చేశావో, ఆ ఫోనుకి కూడా బిల్లు రాస్తాను.