‘స్వల్ప మరమ్మతులు’: సటీకా తాత్పర్యము

అవతారిక: ఉమ్మడి రాష్ట్రం 1987లో అపార్టుమెంట్ల చట్టం చేసింది. పెరడూ బావీ ఉన్న ఇళ్లు పడగొట్టి, హైదరాబాదు నడిబొడ్డున మూడు నాలుగు అంతస్తులు లేపుతున్న రోజులవి. అప్పటి ఫ్లాటొకటి అమ్మకానికి రాగా పుట్టినది ఈ ప్రకటన. కర్త అజ్ఞాతుడు, బ్రోకరని ఊహ. పత్రికవారు లైనుకింత అని పుచ్చుకుంటారు గనుక సూత్రశైలిని ఆశ్రయించాడు. సూత్రంలో అక్షరాలు తక్కువుండాలి, సందేహం ఉండకూడదు. మొదటి నియమం పాటించాడు.

మూలం: చిక్కడపల్లిలో 2 బెడ్రూం ఫ్లాటు. ఈస్ట్ ఫేసింగ్. 3వ అంతస్తు. లిఫ్టు కలదు. మంచి గాలి, వెలుతురు. స్వల్ప మరమ్మతులు అవసరం. ఓనర్ అమెరికాలో. అర్జంట్ సేల్.

ప్రతిపదార్థం: చిక్కడపల్లిలో = చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుండి మూడు సందులు తిరిగిన పిదప; ఈస్ట్ ఫేసింగ్ = తూర్పున ఎదురింటివారి చెప్పుల స్టాండును చూచుచున్నదియు; లిఫ్టు కలదు = లిఫ్టు కలదు (నడచునని కవి చెప్పలేదు); మంచి గాలి = కిటికీ రెక్కలు మూతపడనిదియు; స్వల్ప = వినువాని గుండె నిబ్బరమునకు తగినన్ని; అర్జంట్ = రెండేండ్లుగా.

తాత్పర్యం: కొనుము.

విశేషములు: ‘స్వల్ప’ పదం మీద మూడు మతాలున్నాయి. బ్రోకరు మతంలో పెయింటు వేస్తే చాలు. వాస్తు పండితుడి మతంలో వంటగట్టు జరిపితే చాలు. మేస్త్రీ మతం వేరు. ఆయన బాత్రూం గోడను వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి ఒగ్గి, “మొత్తం తీసెయ్యాల్సిందే సార్” అంటాడు. వ్యాఖ్యాత మేస్త్రీ పక్షమే. ఎందుకంటే ఆ గోడలో ఉన్నవి జీఐ (ఇనుప) పైపులు. ఏళ్ల తరబడి లోపల తుప్పు పేరుకుని నీటిదారి సన్నబడుతుంది. షవరు తిప్పితే ధార రాదు, బొట్లు వస్తాయి. వాటి స్థానే సీపీవీసీ (ప్లాస్టిక్) పైపులు వేయాలంటే గోడకు గాడి కొట్టాలి. గాడి కొడితే టైలు పగులుతుంది. ఆనాటి టైలు డిజైను ఈనాడు ఏ దుకాణంలోనూ దొరకదు గనుక టైల్సన్నీ మార్చాలి. గోడకు కొత్తవి వేశాక నేల మీది మొజాయిక్ వెలవెలబోతుంది. స్వల్పం ఈ విధంగా వృద్ధి చెందుతుంది.

హాలు సీలింగు మీది మరక గురించి అడిగితే “అది లీకు కాదండీ, పాత కలరు” అంటారు. ఉన్నదాన్ని కాదని లేనిదాన్ని చెప్పడం గనుక ఇది అపహ్నుతి అలంకారం. ఆ అలంకారానికి పుట్టీ పూస్తారు. అసలు సంగతి పుట్టీకి అవతల ఉంది: స్లాబులోకి నీరు దిగితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును తోస్తుంది, పెచ్చులూడతాయి. ఆ నీరెక్కడిది? పై ఫ్లాటు బాత్రూముది. బాత్రూం స్లాబు కొంత దించి పోసి, పైపులు పరిచి, ఇటుక ముక్కలతో పూడుస్తారు. అక్కడ జాయింటు వదిలితే నీరంతా నిలిచి, కింది వాళ్ల సీలింగులో తేలుతుంది. కాబట్టి మీ సీలింగు బాగుపడాలంటే పగలగొట్టాల్సింది నాలుగో అంతస్తు అంకుల్‌గారి బాత్రూం. ఆయన స్నానం మానడు. మీ డబ్బు మీ నాలుగు గోడల మధ్యే చెల్లుతుంది. బేరానికి ముందు ఓ మెట్ల వరస పైకెక్కి ఆయనతో కాఫీ తాగి రమ్మని వ్యాఖ్యాత అభిప్రాయం. ఇంజనీరును తర్వాత పిలవొచ్చు.

అధ్యాహారం (మూలంలో లేక, మనం తెచ్చుకోవలసినది): ఎన్ని గజాలు? ప్రకటన బెడ్రూములు లెక్కపెట్టింది గాని యూడీఎస్, అంటే స్థలంలో వాటా, చెప్పలేదు. వెయ్యి గజాల్లో ఇరవై ఫ్లాట్లుంటే, సమాన వాటా అయితే తలా 50 గజాలు. ఆకాశాన్నంటే కొత్త టవర్లలో అంత వాటా దొరకడం కష్టం. గోడ ఏటా ముసలిదవుతుంది, నేల కాదు. బిల్డింగు పడగొట్టి కట్టే రోజున బేరమాడేది ఈ అంకెతోనే. బ్యాంకు వాల్యుయర్ వచ్చి బిల్డింగుకి ఇంకెన్నేళ్ల ఆయుష్షుందో కూడా చూస్తాడు. లోను గడువు దాన్ని మించనివ్వరు.

టెర్రసు మీద పెంట్‌హౌసుంటే, అది ప్లానులో ఉందా? లేకుంటే 2007 నాటి బీపీఎస్ కాగితమో, 2015 నాటి బీఆర్ఎస్ కాగితమో (పార్టీ కాదు, క్రమబద్ధీకరణ పథకం) అడగాలి. పాత ఓనరు మెయింటెనెన్స్ బకాయిలు ఫ్లాటుతోపాటు సంక్రమిస్తాయని అసోసియేషన్ సెక్రటరీ సిద్ధాంతం. నో డ్యూస్ రాయించుకోకపోతే అదే నెగ్గుతుంది.

ఓనర్ అమెరికాలో: ఇది స్థలసూచన మాత్రమే అని కొందరు. కాదు. అమ్మేవారు ఇక్కడివారైతే 50 లక్షలు, ఆపైన ధరకు కొనేవారు కోసుకునే టీడీఎస్ 1 శాతం. ఎన్నారై అయితే ఆ 1 శాతం చెల్లదు. రేటు చాలా ఎక్కువ, 50 లక్షల మినహాయింపూ లేదు. కోయడం మరిస్తే ఆదాయపు పన్నువారు నోటీసు అమెరికాకి పంపరు.

పాఠాంతరం: తరువాతి ఆదివారపు ప్రతిలో ‘స్వల్ప మరమ్మతులు అవసరం’ అన్నచోట ‘ఇటీవలే రెనొవేట్ చేయబడినది’ అని కనిపిస్తోంది. ధర ఆరు లక్షలు పెరిగింది. ఏ పాఠం గ్రాహ్యమో పండితులు తేల్చాలి. ఫోన్ నంబరు మాత్రం రెండు ప్రతుల్లోనూ ఒకటే.