కిలోల లెక్కన చందమామ

శనివారం పొద్దున్న తొమ్మిది దాటాక మా వీధిలోకి ఒక ట్రాలీ ఆటో వస్తుంది. దాని నెత్తిన మైకు. పాత పేపర్లు, పాత ఇనుప సామాన్లు, పాడైపోయిన ఫ్రిజ్జులు, కూలర్లు కొంటామని రికార్డు చేసిన గొంతు ఒకటే రాగం తీస్తుంటే, కూకట్‌పల్లిలోని మా అపార్ట్‌మెంటు జనమంతా ఇంట్లో అడ్డంగా ఉన్నవన్నీ మోసుకుని కిందికి దిగుతారు. ఖాళీ చేతుల్తో దిగి నిండు చేతుల్తో ఎక్కేవాణ్ణి నేనొక్కణ్ణే.

"ఊరంతా వాడికి అమ్ముతుంది. మా ఆయన వాడి దగ్గర కొంటారు" అని మా ఆవిడ ఎదురు ఫ్లాటావిడతో చెప్పుకోవడం నాకు లిఫ్టులోకే వినిపిస్తుంది.

నేను కొనేది అన్నీ కాదు. పాత చందమామ సంచికలు మాత్రమే. ఆ సంగతి ట్రాలీ కుర్రాడికి తెలిసిపోయింది. మొదట్లో కిలో పన్నెండు రూపాయలకి తూచి ఇచ్చేవాడు. తర్వాత విడిగా ఏరి పెట్టడం మొదలెట్టాడు. ఇప్పుడు చందమామ దొరికితే దాన్ని కాగితాల కింద కాకుండా తన సీటు కింద పెట్టుకుని వస్తున్నాడు. వాడు మారుతున్నకొద్దీ ధర కూడా మారింది. ఒక పాఠకుణ్ణి చేశానేమో అని మురిసిపోతూ "చదివావా?" అని అడిగాను. "చదవను సార్, మీ మొహం చూస్తా" అన్నాడు.

ఇదంతా మొదలైంది పిల్లల కోసమే. పిల్లల కోసమని చెప్పి తండ్రులు మొదలుపెట్టే పనుల్లో సగానికి పైగా ఇలాంటివే. క్యారమ్ బోర్డు పిల్లల కోసమే కొంటాం, స్ట్రయికర్ మాత్రం మన దగ్గరే ఉంటుంది. మావాడికి ఏడేళ్ళప్పుడు రాత్రిపూట పక్కన పడుకోబెట్టుకుని బేతాళ కథలు చదివేవాణ్ణి. శంకర్ వేసిన ఆ బొమ్మ చూపించేవాణ్ణి. ఒక చేతిలో కత్తి, భుజాన శవం, రాజుగారి మొహంలో విసుగు లేదు, అలసట లేదు. వాడు పది కథలు బుద్ధిగా విని, పదకొండో రాత్రి లేచి కూర్చున్నాడు.

"నాన్నా, మాట్లాడితే శవం ఎగిరిపోతుందని రాజుకి తెలుసు కదా. మళ్ళీ మళ్ళీ ఎందుకు మాట్లాడతాడు?"

"తెలిసీ జవాబు చెప్పకపోతే తల పగిలిపోతుందిరా."

"అమ్మ అడిగితే నువ్వు తెలిసీ చెప్పవు కదా. నీ తల పగల్లేదుగా?"

ఆ రాత్రితో బేతాళ కథలు ఆపేశాను. కొనడం మాత్రం ఆపలేదు.

ఆదివారాలు నా మజిలీ ఆబిడ్స్. పెద్ద షాపులకి షట్టర్లు దించేసిన రోజున వాటి ముందు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఒకప్పుడు బస్సులో వెళ్ళేవాణ్ణి, ఇప్పుడు కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కితే నాంపల్లిలో దిగి నడిచిపోవచ్చు. మెట్రో వచ్చాక నా ప్రయాణం తేలికైంది, మా ఆవిడ బతుకు బరువైంది. వారం వారం వెళ్తున్నాను మరి.

పేవ్‌మెంటు మీద బేరానికి ఒక శాస్త్రం ఉంది. కావలసినదాని వైపు చూడకూడదు. ఇంజనీరింగ్ ఎంట్రన్సు పుస్తకాలు తిరగెయ్యాలి, తెలియని భాష నవల ఒకటి తీసి తూకం చూస్తున్నట్టు చేతిలో ఆడించాలి, లేచి వెళ్ళిపోబోతూ ఆఖర్న, అదేదో కాలికి తగిలినట్టు, "ఇదెంత?" అనాలి. ఇవన్నీ నాకు నోటికొచ్చు. ఒక్కటీ చేతకాదు. వడ్డాది పాపయ్య ముఖచిత్రం కనపడగానే నా మోకాళ్ళు వాటంతటవే వంగిపోతాయి. ఆ రంగులు, ఆ కళ్ళు, ఆ నగల మీద మెరుపు. షాపతను నా మొహం చూసి, ముఖచిత్రం చూసి, "వపా కవర్ సార్. దొరకదు గిది. నాలుగొందలు" అంటాడు. నేను గొంతు సవరించుకుని మూడొందల తొంభైకి తెగ్గొడతాను.

ఒకసారి మా ఆవిడ కోటీలో పని ఉండి నాతో వచ్చింది. అదే షాపు, అదే ధర. ఆవిడ ఆ పుస్తకాన్ని రెండు వేళ్ళతో అంచు పట్టుకుని ఎత్తి, "దీనికా?" అంది. అంతే. అతను రెండొందలన్నాడు. ఆవిడ కింద పెట్టేసి నడిచింది. వెనకనుంచి పిలిచి నూటయాభైకి ఇచ్చాడు. ఎలా సాధించావని దారంతా అడిగాను. "నాకు నిజంగానే అక్కర్లేదండీ" అంది. ఆ విద్య నాకీ జన్మకి రాదు.

సాయంత్రానికి సంచీ భుజాన వేసుకుని మౌనంగా ఇల్లు చేరతాను. గుమ్మంలో ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. "ఎంత పెట్టారు?" తెలిసీ చెప్పకపోతే ఏమవుతుందో చెప్పాను కదా. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు.

ఇలా పోగై పోగై మొత్తం మూడొందల పన్నెండు సంచికలయ్యాయి. రెండు బెడ్రూముల ఇంట్లో మూడొందల పన్నెండు ఏవైనా ఎక్కువే. మంచం కింద పెట్టె నిండింది. లాఫ్టు మీద ఆవకాయ జాడీల పక్కకి చేరాయి. బొమ్మల కొలువు బొమ్మలు వాటికి చోటిచ్చి మా బావమరిది ఇంటికి వలసపోయాయి. వానాకాలం తేమకి పేజీల్లో సన్నటి వెండి రంగు పురుగులు పడితే ఎండలో ఆరబెట్టడానికి డాబా మీదికి మోశాను. మా ఆవిడ అప్పటికే గుమ్మడి వడియాలు పెట్టిన పంచె పక్కన ఇంకో పంచె పరిచి, పురుగు పట్టిన సంచికలన్నీ బార్లా తెరిచి పెట్టాను. ఎదురు ఫ్లాటావిడ బట్టలు తియ్యడానికి వచ్చి చాలాసేపు చూసి, "ఇవేం వడియాలండీ?" అంది.

మా అమ్మాయి పై చదువుకి డల్లాస్ వెళ్ళేటప్పుడు సూట్‌కేసు తూచుకోవడానికి కొక్కెం ఉన్న చిన్న కాటా ఒకటి కొన్నాం. ఇరవై మూడు కిలోలు దాటకూడదు. అర్ధరాత్రి అందరూ పడుకున్నాక ఒక ఏడాది సంచికలు కలిపి కుట్టిన బైండు ఒకటి తెచ్చి, చీరల మడతల్లోకి తోశాను. పరాయి దేశంలో పిల్లకి తోడుగా ఉంటుందని. శంషాబాద్‌లో కౌంటరు దగ్గర కాటా ఒకటిన్నర కిలోలు ఎక్కువ చూపించింది. అక్కడే నేల మీద పెట్టె తెరిచి వెతికారు. ఒక పక్క కిలోన్నర కందిపొడి, ఇంకో పక్క చందమామ బైండు. మా ఆవిడ నా వైపు చూడకుండా బైండు తీసి నా చేతిలో పెట్టింది. బంగారం లాంటి పిల్ల, నన్ను బాధపెట్టడం ఇష్టంలేక, "మళ్ళీ వచ్చినప్పుడు తీసుకెళ్తాను నాన్నా" అంది. నాలుగుసార్లు వచ్చి వెళ్ళింది. నాలుగుసార్లూ కందిపొడే వెళ్ళింది.

ఆ కాటాతోనే మా ఆవిడ ఒక మధ్యాహ్నం నా చందమామలన్నీ విడతలు విడతలుగా తూచింది. నలభై కిలోలు తేలాయి. కిలో పన్నెండు చొప్పున నాలుగొందల ఎనభై రూపాయలు.

"మొన్న ఒక్కదానికి మూడొందల తొంభై పెట్టారు. మూడొందల పన్నెండింటికీ కలిపి నాలుగొందల ఎనభై. ఇదెక్కడి వ్యాపారం?"

వ్యాపారం కాదని చెప్పాను. 1947 జులైలో, స్వాతంత్య్రానికి ఒక నెల ముందు పుట్టిన పత్రిక అన్నాను. దాని ఆలోచన చక్రపాణిది, ప్రెస్సు నాగిరెడ్డిది, ఆ చక్రపాణిది మా తెనాలే, 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ కథల భాషని చెక్కిపెట్టిన కొడవటిగంటి కుటుంబరావుదీ మా తెనాలే అన్నాను. మా తెనాలి అన్న ప్రతిసారీ నా గొంతు లేస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు. 'తోకచుక్క' దగ్గర్నుంచి ఎన్నో సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం వాటి మీద తన పేరు కూడా వేసుకోలేదు తెలుసా అన్నాను.

"రాసినాయనే పేరు వద్దనుకున్నాడు. మీకెందుకండీ ఇంత ఆపేక్ష?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇన్ని ఉన్నా నాకు లేనిది ఒకటుంది. 1977 అక్టోబరు సంచిక. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అందులో ఒక సీరియల్ నడుస్తోంది, బొమ్మలతో. సెప్టెంబరు సంచిక ఉంది, నవంబరు ఉంది. మధ్యది లేదు. ఎనిమిదేళ్ళుగా వెతుకుతున్నాను. ఆబిడ్స్‌లో నన్ను చూడగానే "అక్టోబర్ రాలే సార్" అని ముందే చెప్పేస్తారు. విజయవాడ పుస్తకాల పండక్కి వెళ్ళి అడిగాను. తెనాలిలో పాత చుట్టాల అటకలు ఎక్కాను. ఒక ఇంట్లో అటక మీంచి కాకుండా నిచ్చెన మీంచే కిందికి వచ్చాను, త్వరగా.

మా ఆవిడ ఒకరోజు ఆ నవంబరు సంచిక తీసి చదివి, కళ్ళజోడు సర్దుకుని అడిగింది. "ఇందులో పైన బ్రాకెట్లో జరిగిన కథ అంతా రాశారుగా? అక్టోబరులో ఏమైందో ఇక్కడే ఉందిగా?"

ఉంది. నాలుగు లైన్లలో ఉంది. నలభై ఏళ్ళకు పైగా నేను చదవకుండా వేలు అడ్డం పెట్టుకుంటున్న నాలుగు లైన్లు అవి. పెళ్ళికి వెళ్ళలేనివాడికి పెళ్ళిపుస్తకం ఆఖరి పేజీ చూపించినట్టు ఉంటుందని చెబితే ఆవిడకి అర్థం కాలేదు. మావాడు ఇంకో అడుగు ముందుకేశాడు. ఫోన్లో రెండు నిమిషాలు ఏదో చేసి, "ఇదిగో నాన్నా, 1977 అక్టోబరు. పాత సంచికలన్నీ స్కాన్లున్నాయి. నీకు పంపనా?" అన్నాడు. ఎనిమిదేళ్ళ తపస్సుకి రెండు నిమిషాల వరం. వద్దురా అన్నాను. కాగితం వాసన, పేజీ మొద్దుదనం, పిన్ను తుప్పు అని ఏవేవో చెప్పాను. వాడు తలూపి పంపేశాడు. అది నా ఫోన్లో ఇప్పటికీ ఉంది. ఒక రాత్రి దుప్పటి కింద తెరిచానని మా ఆవిడ అంటుంది. ముఖచిత్రం వరకే చూశాను.

మొన్న దసరాకి మా అమ్మ వచ్చింది. ఎనభై రెండేళ్ళు. చెవులు కాస్త మందం, జ్ఞాపకం మాత్రం కత్తి. భోజనాల దగ్గర మావాడు ఊరికే ఉండక, నాన్న ఎనిమిదేళ్ళుగా ఒక పుస్తకం కోసం ఎక్కని అటక లేదని మొదలెట్టాడు. అమ్మ ముద్ద కలపడం ఆపి, "ఏ నెలది?" అంది. చెప్పాను.

"ఇంకెక్కడ దొరుకుతుందిరా? నువ్వే ఇచ్చేశావుగా, బఠాణీల బండివాడికి!"

నేను నమ్మలేదు.

"దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు కాదూ! అంతకు ముందు నెల్లో. డబ్బులివ్వనన్నానని ఇంట్లో కొత్త చందమామ తీసుకెళ్ళి వాడికిచ్చి బఠాణీలు తెచ్చుకున్నావు. ఇంకా మీ నాన్నగారు చదవనే లేదు. వీపు పగిలింది కూడా."

"చందమామ ఇచ్చి బఠాణీలా?" అంది మా ఆవిడ, ఒక్కో మాటా చప్పరిస్తూ. మా ఇంట్లో అంత సంతోషంగా ఆవిడ ఈమధ్య కనిపించలేదు. "ఎన్ని బఠాణీలొచ్చాయి అత్తయ్యగారూ?"

"ఒక్క పొట్లం. పైగా వాడు ఆ చందమామలోదే ఒక కాగితం సర్రున చింపి, దాంట్లోనే చుట్టి ఇచ్చాడు. ఈ మహానుభావుడు అరుగు మీద కూర్చుని బఠాణీలు నోట్లో వేసుకుంటూ పొట్లం విప్పి చదివాడు. చెల్లెలికి ఒక్క గింజ పెట్టలేదు."

మావాడు కుర్చీలోంచి జారి నవ్వుతున్నాడు. "అయితే నాన్నా, అక్టోబరు నువ్వు ఒక పేజీ చదివావన్నమాట!"

చెల్లికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాలంటోంది మా ఆవిడ. నేను మజ్జిగ పోసుకుని, తల వంచుకుని కాసేపు అన్నం కలిపాను. తెనాలిలో మా ఇల్లు ఇంకా అలాగే ఉంది. ఆ అరుగు పక్కన గూడు, గూట్లో నాన్నగారి పాత కాగితాల కట్ట, దాన్ని ఎవరూ విప్పినట్టు లేదు.

"అమ్మా," అన్నాను మెల్లగా, "బఠాణీలు అయిపోయాక ఆ పొట్లం కాగితం ఏం చేశాను?"

మా ఆవిడ ఫోన్ కింద పెట్టేసింది.