రాతి పలక

జూన్‌లో బదిలీ మీద పెద్దదోర్నాల వచ్చిన మాస్టారికి నాలుగో తరగతిలో ఒక పిల్లవాడు మూగవాడిలా కనిపించాడు. పుట్టుమూగ కాదు. వేసవిలో తండ్రి పోయినప్పటి నుంచి వాడికి మాట పడిపోయింది. తల్లి కూడలిలో శ్రీశైలం బస్సుల దగ్గర జామకాయలు అమ్ముతుంది. ఏం జరిగిందని అడిగితే, "పనికాడ పోయినాడు సార్" అని తల తిప్పుకుంది. మాస్టారు ఇంకేమీ అడగలేదు. బడిలో మిగతావాళ్లు "నోరు తెరువురా" అని వాణ్ని గద్దించేవాళ్లు. దిగులుతో మాట పెగలని పసివాణ్ని గద్దించడం కంటే క్రూరత్వం ఉంటుందా?

మాస్టారు బాగా చదివే మనిషి. 1986లో పెన్నెబేకర్, బీల్ అనే అమెరికా పరిశోధకులు ప్రకటించిన అధ్యయనం ఆయనకు గుర్తుంది. కొందరు విద్యార్థుల చేత నాలుగు రోజులు, రోజుకు పావుగంట, తమ మనసుకు తగిలిన దెబ్బల గురించి రాయించారు. జరిగిందీ, అప్పుడు అనిపించిందీ రెండూ రాసినవాళ్లకు ఆ రోజుల్లో బాధ ఎక్కువైంది. కానీ తర్వాత ఆరు నెలల్లో ఆస్పత్రికి వెళ్లడం తగ్గింది.

ఆ ఆశతోనే మాస్టారు పిల్లవాడికి నోటుపుస్తకం, రంగు పెన్సిళ్లు ఇచ్చారు. వాడు ముట్టుకోలేదు. దసరా సెలవుల్లో మార్కాపురం వెళ్లి, దుకాణాల నిండా ఉన్న ప్లాస్టిక్ పలకల మధ్య వెతికి వెతికి, చెక్క చట్రం కట్టిన అసలు రాతి పలక తెచ్చారు.

వాడు దాన్ని అరచేత్తో తడిమి చూశాడు. బలపం అడ్డంగా పట్టి పలకంతా తెల్లగా రుద్దాడు. తర్వాత చూపుడువేలు నాలుక మీద తడి చేసుకుని, నడిమధ్యన కొంచెం కొంచెంగా తుడిచాడు. తెలుపులోంచి నల్లటి మనిషి బయటపడ్డాడు. ఆ రోజు నుంచి రోజూ అదే బొమ్మ. బడి వదిలాక తల్లి పక్కన కూర్చుని, రాత్రి తొమ్మిదికి ఘాట్ రోడ్డు గేటు వేసేదాకా అదే పని. వారం తిరిగేసరికి అన్నం సరిగ్గా తింటున్నాడని తల్లి చెప్పింది.

ఒకరోజు పలక పట్టుకుని తనంతట తానే మాస్టారి దగ్గరికొచ్చాడు.

"ఇది మార్కాపురం రాయి గదా సార్?"

మాట వచ్చింది! మాస్టారు ఆనందం పట్టలేకపోయారు. "అవునురా, అసలైన మార్కాపురం రాయే. నీ కోసమే వెతికి తెచ్చా."

వాడు నల్ల బొమ్మ మీద వేలు పెట్టాడు.

"మా నాయన మీద పడింది గూడా ఈ రాయే సార్."