విద్యుద్వైద్యుడు

ఆదివారమునాడు ఉదయము ఏడుగంటల వేళ మీరు విశాఖపట్టణమున మా వీధికి వచ్చినయెడల, ఒక ఇంటిముందు బాదముచెట్టు నీడను పాత అంబాసిడరు కారొకటి ముందుతలుపు బార్లా తెరచుకొని నిలిచియుండుటయు, ఆ తలుపులోనుండి రెండు పాదములు బయటికి వ్రేలాడుచుండుటయు చూడగలరు. ఆ పాదములు మా పొరుగువారివి. మిగిలిన దేహము డ్యాష్‌బోర్డు క్రింద, క్లచ్చి పెడలునకును స్టీరింగు రాడ్డునకును నడుమ, ఏ యోగశాస్త్రకారుడును పేర్కొనని ఆసనమున ఒదిగియుండును. పాలవాడు ఆ పాదములకే లెక్క చెప్పి పోవును; పేపరువాడు ఆ పాదములప్రక్కనే పత్రిక పడవేయును; నేనును పదునేనేండ్లుగా వారితోడి ఆదివారపు సంభాషణమును ఆ పాదములతోనే సాగించుచున్నాను. బొటనవ్రేళ్లు కదలినచో సమాధానము వచ్చుచున్నదనియు, మడమలు రెండును ఒక్కసారి పైకెగిరినచో తల స్టీరింగునకు తగిలినదనియు గ్రహింపవలెను. కారులోని 12 వోల్టుల విద్యుత్తు మనుష్యునకు షాకు కొట్టజాలదు గాని, తన్ను వెదకవచ్చినవాని నెత్తిన బొప్పి కట్టింపగలదు.

వారి పేరు నేను చెప్పను. చెప్పినను లాభము లేదు, ఏలయన ఇట్టివాడొకడు లేని పేట యుండదు. వీరు మెకానిక్కు కారు. మెకానిక్కునకు రోగము కుదురుట ముఖ్యము. వీరికి నిదానము ముఖ్యము, కుదురుట దైవాధీనము. ఉద్యోగమున్నంతకాలము వీరు లెక్కల తనిఖీశాఖలో నుండి, పావలా తేడా వచ్చినచో నాలుగేండ్ల చిట్టాలను తిరుగవేయించిన మహానుభావులు. ఆ బుద్ధియే పింఛను పుచ్చుకొన్న తరువాత విద్యుత్ప్రవాహము మీదికి మళ్లినది. తమ రక్తపుపోటును ఏడాదికొకసారియైన చూపించుకొననివారు, బ్యాటరీ వోల్టులను మాత్రము ఉదయసాయంకాలములు మీటరుతో కొలిచి గోడమీది క్యాలెండరుపై వ్రాసికొందురు. బండి నిలిచియున్నపుడు 12.6 ఉండవలెను, ఇంజను తిరుగుచున్నపుడు 14కు చేరువ కావలెను, అటులైన దినమున వారింట పాయసము వండినను ఆశ్చర్యపడనక్కరలేదు.

వీరి సిద్ధాంతము ఒక్కటే. బ్యాటరీనుండి ఖర్చుపడిన ప్రతి ఆంపియరును బ్యాటరీకే తిరిగి జమపడవలెను. దీపమునకు పోవుటకు తీగ యున్నది. తిరిగివచ్చుటకో, కారు ఇనుపదేహమే దారి. ఆ దారికే మెకానిక్కులు ఎర్తని పేరు పెట్టిరి. పోవు దారిని అందరును చూతురు గాని వచ్చు దారిని ఎవ్వరును చూడరనియు, కారులోని లోపములు నూటికి తొంబది ఆ జమపద్దులోనే యుండుననియు వీరి దృఢవిశ్వాసము. హారను మూలిగినను, వైపరు సగములో నిలిచిపోయినను, ముందుదీపమొకటి ఆముదపుదీపమైనను, వీరు కారణము విచారింపకమున్నే “ఎర్తు లేదు మాస్టారూ!” అందురు. ఇది వట్టి ఊహ కాదు. సముద్రమునకు అరమైలు దూరముననున్న మా వీధిలో ఉప్పుగాలి తగులని మర లేదు, త్రుప్పు పట్టని మర అంతకంటెను లేదు. కావున వీరి మాట తరచుగా నిజమే యగుచుండును. ఒకప్పుడు వారి కారు బ్రేకు త్రొక్కినచో వెనుకనున్న ఇండికేటరు మినుకుమనెడిది. ఇండికేటరు వేసినచో తోకదీపము దానితోపాటు తాళము వేసెడిది. చూచినవారు దయ్యమనిరి. వీరు మాత్రము, ఆ దీపపుబుడ్డిని దేహమునకు బిగించు మర త్రుప్పుపట్టుటచేత, పెరటిదారి మూతపడిన గృహస్థు పొరుగువారి వసారాలోనుండి సంతకు పోయినట్లు, విద్యుత్తు ప్రక్కబల్బుగుండ దారి చేసికొనుచున్నదని నిర్ణయించి, మర విప్పి, గరుకుకాగితముతో రుద్ది బిగించిరి. దయ్యము వదలెను. ఇది నేను కన్నులార చూచినది. వీరి పాండిత్యమును శంకించుట నా ఉద్దేశము కాదు.

చిక్కంతయు పాండిత్యము తరువాతనే వచ్చును.

అంబాసిడరు 1957లో హుగ్లీతీరమున ఉత్తరపారాలో జన్మించినను, దాని వంశము మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ది గనుక, తీగెలకు బ్రిటిషువారి వర్ణక్రమము వర్తించునని వీరు గాయత్రివలె జపింతురు: గోధుమరంగు తిన్నగా బ్యాటరీనుండి వచ్చునది, తెలుపు తాళము త్రిప్పిన తరువాత వచ్చునది, పచ్చ ఫ్యూజు దాటి వచ్చునది, నలుపు ఎర్తు. కాని వీరు ఆ కారును కొనునాటికే అది మువ్వురు యజమానుల చేతులు మారియుండెను. ఆ మువ్వురి ఎలక్ట్రీషియనులును చేతికందిన తీగనెల్ల వేసియుండిరి. గోధుమరంగు సగముదూరము వచ్చి ఎరుపగును. ఆ ఎరుపు టేపుముడిలో దూరి, పెండ్లిపందిరి దీపములకు వాడు పసుపుపచ్చ తీగయై వెలువడును. డ్యాష్‌బోర్డు క్రింద జరిగిన ఆ వర్ణసంకరమును మొదట చూచిననాడు వారు భోజనము చేయలేదని వారి ఇల్లాలు చెప్పినది. ఫ్యూజుపెట్టెలోనైతే ఫ్యూజునకు బదులుగా సిగరెట్టుపెట్టెలోని వెండికాగితము చుట్టియుండెను. తీగ కాలకుండుటకై తాను కాలిపోవుటయే ఫ్యూజు ధర్మము. వెండికాగితము కాలదు, అందుచేత తీగయే కాలును. “కాపలావాణ్ణి పంపించేసి దొంగకి తాళాలిచ్చారు” అని వారు ఆ తెలియని యజమానులను ఇప్పటికిని తిట్టుచుందురు.

వారి అరుగుమీద ఒక హార్లిక్సు సీసా గలదు. మరమ్మతు ముగిసి అన్నియు యథాస్థానమున బిగించిన పిమ్మట మిగిలిపోవు మరలును, నట్లును, వాషర్లును అందు చేరును. ఆ సీసా నిండి రెండవది ప్రారంభమై ఏడేండ్లయినది. ఇన్ని మిగిలినను కారెట్లు నడచుచున్నదని నేనడుగగా, బరువు తగ్గినందున పెట్రోలు కలిసివచ్చుచున్నదనిరి.

ఇక హీటరు కథ. విశాఖపట్టణమున కారులో హీటరేల యని మీరడుగవచ్చును, నేనును అడిగితిని. ఊటీలో తిరిగిన కారునుండి ఊడదీసిన హీటరొకటి గాజువాక ఆటోనగరులోని పాతసామానుల కొట్టున వీరి కంటబడెను. సంక్రాంతి సెలవులలో అరకు పోవుదమని అంతకుమునుపే ఇంట అనుకొనియుండిరి. ఈ రెండు సంగతులును వీరి మనస్సులో కలిసినవి, అంతే. హీటరనగా పెద్ద యంత్రమేమియు కాదు. ఇంజనులో కాగిన నీటిని ఒక టాపు ద్వారా రబ్బరుపైపులలోనుండి డ్యాష్‌బోర్డు క్రిందనున్న చిన్న రేడియేటరునకు తెచ్చి, వెనుకనుండి ఫ్యానుతో విసరుటయే. నాలుగు ఆదివారములు ఆ పాదములు తలుపునుండి వ్రేలాడినవి. పైపులకు చోటు చాలక ఇంజనుచుట్టునున్న కొన్ని వస్తువులను విప్పవలసివచ్చెను. విప్పినవానిలో కొన్ని సీసాలో చేరెను.

అరకు మా ఊరికి సుమారు 115 కిలోమీటర్లు; సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తు. జనవరి మాసమున తెల్లవారుజామున నాలుగుగంటలకు బయలుదేరితిమి. శృంగవరపుకోట దాటి ఘాటీ మొదలుపెట్టగనే వారు సగర్వముగా స్విచ్చి నొక్కిరి. ఫ్యాను తిరిగెను. దానికి రెండు వేగములుండవలెను గాని, మందగతికై ప్రవాహమును తగ్గించు రెసిస్టరు తీగ ఊటీలోనే కాలిపోయినందున, తీవ్రగతియొక్కటే మిగిలియుండెను. ఆ తీవ్రగతితో వచ్చినది వేడిగాలి కాదు. వెలుపలి మంచునంతయు గుత్తకు తీసికొని మా మోకాళ్లపై కుమ్మరించు చలిగాలి. “ఏవండీ, దాన్ని ఆపేస్తే వెచ్చగా ఉంటుందేమో” అని వెనుకసీటులోనుండి దుప్పటి మాటాడినది. వారు నా చెవిలో మెల్లగా “పైపుల్లో గాలి చిక్కింది మాస్టారూ” అనిరి. అనంతగిరి చేరువ కాఫీతోటలవద్ద, కారు ముక్కు ఎగువకుండునట్లు వాలున ఆపి, ఇంజను చల్లారువరకు అరగంటసేపు మమ్ములనందరిని ఆ చలిలో నిలువబెట్టి, రేడియేటరు మూత తీసి నాచేత పైపులు పిండించిరి. గుడగుడమని హుక్కావలె బుడగలు వచ్చినవి. నీరు నింపి మూత బిగించి బయలుదేరిన పది నిమిషములకు నిజముగనే వేడిగాలి వచ్చెను. వారి ముఖము చూడవలెను! అప్పటికి సూర్యోదయమైనది, చలియు తగ్గినది. అది వేరు సంగతి.

తిరుగుప్రయాణమున మధ్యాహ్నము ఒంటిగంటకు మైదానమునకు దిగితిమి. హీటరు కట్టుడని అందరు నొక్కస్వరమున వేడుకొనగా వారు మీటను లాగిరి. మీట ఊడి చేతికి వచ్చినది. ఊటీ చలికి తెరచుకొని అభ్యాసపడిన ఆ టాపు త్రుప్పుపట్టి అటులనే బిగిసిపోయినది.

ఫిబ్రవరి పోయినది, మార్చి పోయినది, మే వచ్చినది. ఫ్యాను కట్టివేసినను కాగిననీరు లోపల తిరుగుచునే యుండుటచేత, ఆ కారులో ముందుసీటున కూర్చుండుట పొయ్యిలో కాళ్లుపెట్టుకొని కూర్చుండుటతో సమానమయ్యెను. ఇల్లాలు ఒకనాడు గోడమీదినుండి నాతో “అన్నయ్యగారూ, ఈ ఏడు వడియాలకి డాబా ఎక్కే పని లేదండీ. సీటు కింద పళ్లెం పెట్టి సింహాచలం వెళ్లొస్తే చాలు” అనెను. వారు విని నవ్వలేదు. హీటరనునది రెండవ రేడియేటరనియు, ఘాటీలో ఇంజను మరిగినపుడు తెలిసిన డ్రైవర్లు హీటరు తెరచి దానిని చల్లార్చుకొందురనియు, దాని మూలముననే తమ ఇంజను మండువేసవిలోను శాంతముగ నున్నదనియు బోధించిరి. ఇదియు సత్యమే. ఇంజను శాంతముగనే యుండెను. అశాంతియంతయు సీట్లలో నుండెను.

ఈ నడుమ మరియొక వింత పొడసూపినది. ఉదయము సెల్ఫు కొట్టినపుడు ఇంజను మునుపటివలె చురుకుగా తిరుగక, నిద్రమత్తులోనున్న వానివలె రెండుమార్లు మూల్గి లేచెడిది. అపుడు చోకు మీట పట్టుకొన్నచో చేయి చురుక్కుమనెడిది. నేను భయపడి చెప్పితిని. వారు మీటను తడవి చూచి, పరమానందభరితులై, “చూశారా, వేడి చోకు దాకా వచ్చింది! హీటరు పనితనం అలాంటిది” అనిరి. సెల్ఫు సంగతి యడుగగా, బ్యాటరీ కొనలు తోమవలెననిరి. తోమిరి. బ్యాటరీయే మార్చిరి. క్యాలెండరుమీది అంకెలు దివ్యముగ నుండెను. సెల్ఫు మాత్రము దినదినము నీరసించి, జూలై మాసమున నొక ఆదివారము టక్కుమని ఊరకుండెను.

ఆనాడు పాదములు తలుపునుండి వ్రేలాడుచుండగనే, ఇల్లాలు ఎవరితోను చెప్పక ఆటోనగరునుండి ఒక కుర్రవానిని పిలిపించినది. వానికి పదునెనిమిదేండ్లుండును. వాని పరికరమెల్ల ఒక బల్బు, రెండు తీగెలు, ఒక మొసలిక్లిప్పు. వాడు పాదములకు నమస్కారముపెట్టి, అవతలి తలుపునుండి లోనికి వంగి ఒకసారి సెల్ఫు కొట్టి, చోకు మీటను పట్టుకొని “ఓలమ్మో!” అని చేయి విదిలించుకొనెను.

“ఏటి సార్, చోకు ఇంత కాలిపోతంది?”

“అది హీటరు వేడిరా” అని డ్యాష్‌బోర్డు క్రిందనుండి గంభీరముగ వినబడెను.

“ఇంజను చల్లగుంది గదా, హీటరెక్కడిది?” అని వాడు బానెట్టు తెరచి లోపల చూచి, మందపు తీగ నొకదానిని బ్యాటరీ మైనసునకును ఇంజనుదిమ్మకును తగిలించి, “ఇప్పుడు కొట్టండి” అనెను. కారు సింహమువలె గర్జించినది. పాదములు రెండును ఒక్కసారి పైకెగిరినవి.

“ఇంజనుకీ బాడీకీ మజ్జిన ఎర్తు పట్టీ ఏదండీ? ఇంజను రబ్బరుల మీద కూకుంటాది గదా. పట్టీ నేకపోతే కరెంటు ఎలా తిరిగొస్తాది? చోకు తీగంట వస్తంది. అందుకే కాలతంది.”

ముందుదీపమునకు 5 ఆంపియర్లు చాలును. సెల్ఫునకు వందకు పైగా కావలెను. అంత ప్రవాహమును ఆర్నెల్లుగా ఆ సన్నని చోకుతీగ తన నెత్తిన మోయుచున్నదన్నమాట. హార్లిక్సు సీసాలు రెండును అరుగుమీద బోర్లించితిమి. పట్టీని బిగించు బోల్టులు రెండును దొరికినవి. వాటిపై ఎర్తుగుర్తుగ వారు స్వహస్తముతో పూసిన నల్లరంగు కూడ నుండెను. పట్టీ మాత్రము లేదు. అప్పుడు ఇల్లాలు పందిరివైపు చూచి, నోటిమీద కొంగు పెట్టుకొని, “జాజితీగ వాలిపోతోంది, తాడు ఏదైనా చూడమంటే సంక్రాంతి ముందు మీరేగా ఇచ్చారు?” అనెను. పందిరిరాటకు జాజితీగను చేర్చి, చక్కగా అల్లిన రాగిపట్టీ యొకటి, ఉప్పుగాలికి పచ్చబడి, పువ్వులనడుమ మెరయుచుండెను.

నేను వారి ముఖముచూడ సాహసింపలేదు. వారు మాత్రము పదునేనేండ్లలో మొదటిసారిగా ఆదివారము ఉదయమున పూర్ణదేహముతో డ్యాష్‌బోర్డు క్రిందనుండి వెడలివచ్చి, రెండుచేతులును ఎత్తి, “చూశారా మాస్టారూ! ఇన్నేళ్లనుంచి నేను మొత్తుకుంటున్నదేమిటి? ఎర్తు! ఎర్తే!” అని కేకవేసి, ఆ కుర్రవానిని కౌగిలించుకొని, కాఫీ ఇమ్మని లోపలికి చెప్పిరి. వాడు పట్టీని గరుకుకాగితముతో తోమి పది నిమిషములలో బిగించి, పనిలోపనిగా హీటరు పైపులు రెండును ఊడదీసి ఇంజనువద్దనే కలిపివేయుదునా యని యడిగెను. డిసెంబరు వచ్చుచున్నది గదా, ఉండనిమ్మనిరి.

వాడు పోయిన పిమ్మట ఇల్లాలు జాజితీగ మరల వాలిపోయినదని గుర్తుచేసినది. వారు తక్షణమే కారులో దూరి, కొంతసేపటికి మూరెడు నల్లతీగ తెచ్చి, తామే పందిరికి కట్టిరి. అది ఎచ్చటినుండి తెచ్చిరో నేనడుగలేదు. ఆ సాయంకాలము బీచిరోడ్డున వారి కారునకెదురుగ ఒక ఆవు అడ్డముగ నిలిచినది. వారెంత నొక్కినను హారను పలుకలేదు.