నవల్లో వాట్సాప్ పెట్టడమెలా?

సొంత డబ్బుతో నవల వేసుకుంటున్నారు. హీరోది నాగాయలంక, హీరోయిన్‌ది గుడివాడ, మాటలన్నీ ఫోన్లోనే. శుభం. కథ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు బుడగల సంగతి తేల్చండి.

వాట్సాప్‌లో మన మాట ఆకుపచ్చ, అవతలివాళ్లది తెలుపు. లోపలి పేజీలు నలుపు తెలుపుల్లోనే వేయిస్తారు కాబట్టి ఆ ఆకుపచ్చ బూడిదవుతుంది, నీలం టిక్కులు నల్లబడతాయి. ఆమె చూసి జవాబివ్వలేదో, అసలు చూడనేలేదో పాఠకుడికి అంతుబట్టదు. మీ కథంతా ఆ అనుమానం మీదే నడుస్తుంటే మరీ మంచిది. రంగుల్లో వేయిస్తానంటారా? ప్రెస్సువాళ్ల ఎస్టిమేటు చూశాక మళ్లీ మాట్లాడుకుందాం.

మీ డీటీపీ ఆయన ఇప్పటికీ పేజ్‌మేకర్లో అనూ ఫాంట్లతో కొడుతుంటే మీ అదృష్టం పండినట్టే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001 నాటిది. ఎమోజీలు పెద్దసంఖ్యలో యూనికోడ్‌లోకి వచ్చింది 2010లో. కాబట్టి హీరో మనసుపెట్టి పంపిన ఎర్రటి గుండె ప్రూఫుల్లో ఖాళీ డబ్బా అయి వస్తుంది. దిద్దకండి. ఆవిష్కరణ సభలో ఎవరో ఒకరు లేచి, అది ఆధునిక జీవితంలోని శూన్యమని చెబుతారు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన ‘ఓకే’కి పొరపాటున అనూ ఫాంటు తగిలితే ఏ భాషకూ చెందని అక్షరాలు తేలతాయి. దానికీ ఓ వ్యాఖ్యానం దొరక్కపోదు.

యూనికోడ్‌కి మారిన ధనవంతులైతే ఫాంట్లను ఊరిని బట్టి ఎంచుకోండి. హీరో మెసేజ్‌లకు ‘మండలి’. నాగాయలంకకు దగ్గరి అవనిగడ్డ నాయకుడు, 1975లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలప్పుడు విద్యామంత్రిగా ఉన్న మండలి వెంకట కృష్ణారావు గారి పేరది. హీరోయిన్‌కు ‘ఎన్టీఆర్’. ఆయన సొంతూరు నిమ్మకూరు గుడివాడకు దగ్గరే కదా. ఘంటసాల దగ్గరి శ్రీకాకుళంలో అమ్మమ్మ ఉంటే ‘శ్రీకృష్ణదేవరాయ’ ఫాంటు ఉండనే ఉంది. ఆముక్తమాల్యద రాయమని ఆంధ్ర మహావిష్ణువు రాయలకు కలలో చెప్పింది అక్కడేనంటారు. మూడూ ఉచితమే. పేజీ మాత్రం మూడు పార్టీల పోస్టర్లు అంటించిన గోడలా ఉంటుంది.

బందరు మామయ్య టైపు చేయరు, వాయిస్ పెడతారు. దానికి గీతల బొమ్మ గీయించి, పక్కన 2:47 అని వేయించండి. ఏమన్నారో రాయకండి, ఉత్కంఠ పోతుంది.

ప్రతి మాటకూ టైము, బుడగ, టిక్కులు తప్పనిసరి. ‘ఆ’ అనే ఒక్క అక్షరం నాలుగు లైన్ల చోటు తింటుంది. అలా ఓ పదహారు పేజీల ఫారం పెరుగుతుంది. బిల్లు కట్టేది మీరే కాబట్టి అడిగేవాళ్లుండరు.

నాటకాల్లోలాగా పేరు రాసి, పక్కన మాట వేస్తే చాలదా అనే మిత్రుడొకడు ప్రతి రచయితకూ ఉంటాడు. వాడి మాట వింటే ఇదిగో, ఇలా తయారవుతుంది:

బావ: బస్సెక్కావా?

సుజాత: ఆ.

బావ: సీటు దొరికిందా?

బస్సు పామర్రు దాటేదాకా జవాబు లేదు.

సుజాత: పక్కన నాన్న.

చూశారుగా, ఎంత పేలవంగా ఉందో! బుడగ లేదు, టిక్కు లేదు. పాఠకుడు ఎక్కడా ఆగకుండా ఆ పిల్ల పక్క సీట్లోకి వెళ్లి కూర్చున్నాడు. మరి డీటీపీకి పోసిన డబ్బు ఎవరికి కనబడాలి?

గీయించే ఓపిక లేకపోతే చివరి ఉపాయం, ఇద్దరు మిత్రుల చేత మెసేజ్‌లు పెట్టించి స్క్రీన్‌షాట్ తీసి అతికించడం. అక్షరాలు అలుక్కుపోతాయి, బ్యాటరీ నాలుగు శాతమని స్పష్టంగా కనిపిస్తుంది. పైన పట్టీలో ‘బ్యాలెన్సు ఎప్పుడిస్తారండీ’ అంటూ డీటీపీ ఆయన మెసేజ్ తొంగిచూస్తుంది. అది కత్తిరించమని అడగాల్సిందీ ఆయన్నే.